గ్లాసెడు ద్రాక్షరసం

మొగలిపాలెం క్రైస్తవ సంఘ కార్యదర్శి విజయభాస్కర్ గారికి అబద్ధమాడడం చేతకాదు. ముప్పై నాలుగేళ్ళు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పై వరసలో తప్పు దాచితే కింది వరసలో దొరికిపోతావని పిల్లలకు చెప్పీ చెప్పీ, చివరకు తనకే ఆ విద్య అబ్బకుండా పోయింది. అలాంటి మనిషి అరవై మూడో ఏట, అక్టోబరు నెలాఖరు బుధవారం సాయంత్రం, ఒకే ఒక్క అబద్ధమాడారు. అదీ పెద్దదేం కాదు. "నీళ్ళు" అన్నారు.

జరిగింది ఇదీ. వచ్చే ఆదివారం గుడిలో ప్రభు భోజనం. దానికి కావలసిన ద్రాక్షరసం ప్రతిసారీ ఆయన భార్య నవోమి కాస్తుంది. నల్ల ద్రాక్షను చక్కెర వేసి ఉడికించి, తెల్లగుడ్డలో వడకట్టి, గిన్నె మీద మూతపెట్టి, మూత మీద రుబ్బురాయి పొత్రం పెట్టింది. పొత్రం పిల్లుల కోసమని అందరూ అనుకుంటారు. కార్యదర్శిగా రసం రుచి చూడడం తన బాధ్యత అని విజయభాస్కర్ గారు ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నారు. ఆ బాధ్యత ఆయనకు ఎవరూ అప్పగించలేదు. ఆమె పెరట్లోకి వెళ్ళిన సందు చూసి ఒక స్టీలు గ్లాసు నిండా ముంచుకుని, వసారాలో లాపుటాప్ ముందు కూర్చుని, ఒక గుటక వేశారు. చెవి దగ్గర దోమ రొద పెట్టింది. దోమను కొట్టారు. దోమ తప్పించుకుంది, గ్లాసు తప్పించుకోలేదు.

రసం కీబోర్డు మీద పడి, ఇంకిపోయింది. తెర ఒక్కసారి నీలంగా వెలిగి ఆరిపోయింది. ఆయన తువ్వాలుతో అద్దారు. తరవాత, లోపలికి పోయింది బయటికి వస్తుందేమోనని పెట్టెను బోర్లించి, చింతపండు డబ్బా దులిపినట్టు దులిపారు. బయటికి రాలేదు సరికదా, ఇంకా లోపలికి ఎక్కడికో పోయినట్టు చప్పుడైంది.

నవోమి వచ్చింది. "ఏం పడింది?" అంది.

"నీళ్ళు," అన్నారు.

ఆమె గ్లాసు అడుగున ఉన్న ఊదారంగు వలయాన్ని చూసింది, ఆయన తెల్లమీసాన్ని చూసింది. "మూతి తుడుచుకోండి," అని మాత్రం అంది.

లాపుటాప్ పోతే పోయింది, అది ఒంగోలులో ఉన్న కూతురు షారన్ వాడి వదిలేసిన పాతది. అసలు సంగతి అందులో ఉన్న జాబితా. మొగలిపాలెం సంఘంలో చనిపోయినవాళ్ళందరి పేర్లూ అందులో ఉన్నాయి. లోకంలో ఇంకెక్కడా లేవు. ఇంకెక్కడా లేకుండా చేసింది కూడా విజయభాస్కర్ గారే.

ఊరు మైపాడుకు ఇవతల, సముద్రానికి ఎంత దగ్గరంటే సమాధుల దొడ్డి మొత్తం ఇసకే. ఇసకలో రాళ్ళు నిలవవు, ఒరిగి కూరుకుపోతాయి. కొయ్య సిలువలు నాలుగు వానలకే పుచ్చిపోతాయి. ఎవరు ఎక్కడున్నారో చెప్పేది రిజిస్టరు ఒక్కటే. 1926లో ఎవరో మిషనరీ దొరగారు మొదలుపెట్టిన రిజిస్టరది. వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, బాప్తిస్మం తేదీ, వయసు, సమాధి చోటు అని ఆరు గళ్ళు. బాప్తిస్మం గడి ఖాళీగా ఉండే మనిషిని రాయకూడదని దొరగారి నియమం. కుర్రవయసు నుంచీ ఆ రిజిస్టరు చూసింది విజయభాస్కర్ గారే. నియమాన్ని ఆయన సొంత ఇంటి విషయంలో కూడా తప్పలేదని పాతవాళ్ళు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

ఏటా నవంబరు రెండున సమాధుల పండుగ, ఈసారి ఆ తేదీ ఆదివారమే. ఆ సాయంత్రం గుడి పాస్టరు, అంటే అయ్యగారు, దొడ్డిలో నిలబడి మొదటి పేరు నుంచి చివరి పేరు వరకు చదువుతారు. పేరు పిలవగానే ఆ ఇంటివాళ్ళు "మా మనిషే" అని పలికి ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు. ఎవరూ పలకని పేరు వస్తే, అంటే ఆ వంశంలో ఎవరూ మిగలకపోతే, కార్యదర్శి "సంఘం మనిషే" అంటారు. పలకకుండా ఏ పేరూ గాల్లో పోకూడదని ఊరి పట్టుదల.

రిజిస్టరుకు చెద పట్టింది. పోయినేడు తుపానుకు గుడి కప్పు కారి, చెద వదిలేసింది తడిసింది. విజయభాస్కర్ గారు ఎనిమిది నెలలు రెండు వేళ్ళతో టైపు చేసి, నాలుగు వందల పన్నెండు పేర్లూ కంప్యూటరులోకి ఎక్కించారు. ఎక్కించాక కమిటీలో ఒక ప్రశ్న వచ్చింది: పాత పుస్తకాన్ని ఏం చేయాలి? చిత్తుకాగితాల కొట్టుకు వేస్తే పెద్దల పేర్లలో ఎవరో బజ్జీలు కట్టిస్తారు. తగలబెడదామంటే అది మన పద్ధతి కాదు. చనిపోయినవాళ్ళ పుస్తకం కాబట్టి దాన్నీ సమాధి చేద్దామన్నారు విజయభాస్కర్ గారు. అందరికీ నచ్చింది. మూడడుగుల గొయ్యి తీసి, తెల్లగుడ్డలో చుట్టి, పాట పాడి, ప్రార్థన చేసి పూడ్చారు. ఇది జరిగి మూడు నెలలు.

షారన్ ఫోనులో చెప్పింది, ఇంకో కాపీ పెట్టుకోమని. ఆయన వెంటనే నెల్లూరు వెళ్ళి పెన్‌డ్రైవ్ కొనుక్కొచ్చారు. పాడవకుండా ఉండాలని అట్టలో నుంచి కూడా తీయకుండా బీరువాలో దాచారు. ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉంది.

బుధవారం పొద్దుగూకే లోపే పెంచలకృష్ణ వచ్చాడు. మైపాడు రేవులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. మిక్సీలు, ఫ్యాన్లు, ఒకసారి గుడి మైకు కూడా బాగుచేశాడు. తడిసిన వస్తువుల విషయంలో ఈ తీరాన అతణ్ణి మించినవాడు లేడు. పెట్టెను తిరగేసి మరలు విప్పి, ముందు బ్యాటరీ తీగ పీకేశాడు.

"ఏం పడిందన్నారు సార్?"

"నీళ్ళు."

"మంచినీళ్ళా, ఉప్పునీళ్ళా?"

"మంచినీళ్ళే. తాగే నీళ్ళు."

"అయితే బతికినాం. సముద్రంలో మునిగిన ఇంజనుంది చూడండి, దాన్ని అట్టనే ఆరబెట్టకూడదు సార్. ముందు మంచినీళ్ళతో బాగా కడగాల. కడక్కుండా ఆరబెడితే ఉప్పు లోపలే గట్టిపడి ఇనుముని తినేస్తాది. ఇది మంచినీళ్ళే కాబట్టి ఆ బాధ లేదు. రెండ్రోజులు గమ్మున ఆరబెట్టండి."

ఉప్పు సంగతి సరే, చక్కెర మాటేమిటని అడుగుదామని విజయభాస్కర్ గారికి నోటిదాకా వచ్చింది. అడిగితే, చక్కెర ఎందుకు సార్ అని ఎదురు ప్రశ్న వస్తుంది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నారు. పెద్దాయన ప్రభు భోజనం గిన్నెలో చెయ్యి పెట్టాడని పడవల వాళ్ళ దాకా పాకితే, రేపు గుళ్ళో ఎవరి ముఖం చూస్తారు?

"ఇందులోది పీకి వేరే దాంట్లో పెట్టుకోడానికి లేదా?" అని మాట మార్చారు.

"పాత వాటికయితే డిస్కు వేరేగా ఉంటాది. దీనికి బోర్డుకే అతికించి ఉండారు. బోర్డు బతికితేనే పేర్లు బతకతాయి."



తడిసిన ఫోన్లను బియ్యంలో పెడతారని ఊరందరికీ తెలుసు. విజయభాస్కర్ గారు రేషన్ బియ్యం తెమ్మన్నారు. పక్కింటి కామాక్షమ్మకు అది నచ్చలేదు. ఆమె పుట్టిల్లు లోపలి పల్లెల్లో వరి పండించే ఇల్లు. బియ్యం విషయంలో ఆమె ముందు నెల్లూరు జిల్లాలో ఎవరైనా మాట తగ్గించుకోవలసిందే.

"ప్రాణం మీదికి వచ్చిన దానికి రేషన్ బియ్యమా సార్? మా పాత బియ్యం ఇస్తా. రెండేళ్ళు మాగినాయి. తడి ఎట్టా లాగతాయో చూడండి," అని ఒక టిన్ను నిండా తెచ్చి, లాపుటాప్‌ను స్వయంగా అందులో దింపి, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు పైన ఇంకో రెండు గిద్దలు పోసి వెళ్ళింది.

గురువారం పొద్దున మాథ్యూ అయ్యగారు వచ్చారు. ముప్పై రెండేళ్ళవాడు, ఒకప్పుడు ఎక్కాలు రాక విజయభాస్కర్ గారి చేత మొట్టికాయలు తిన్నవాడు. ఇప్పుడు ఈయన ఆయన్ని అయ్యగారనాలి, ఆయన ఈయన్ని సార్ అనాలి. ఇద్దరూ అలవాటు పడ్డారు.

"ఆదివారం ఏం చదవమంటారు సార్?" అన్నారు అయ్యగారు, బియ్యం టిన్ను వంక చూస్తూ.

"ఆరుతోంది."

"ఆరకపోతే?"

విజయభాస్కర్ గారు టిన్ను మూత మీద దుమ్ము తుడిచారు. అయ్యగారు, "పుస్తకాన్ని తీసి చూద్దామా?" అన్నారు.

ఇద్దరూ పార పట్టుకుని దొడ్డికి వెళ్ళారు. ఈశాన్య వానలు మొదలై వారమైంది, ఇసక బరువుగా ఉంది. మూడడుగులు తవ్వితే తెల్లగుడ్డ దొరికింది, అట్ట దొరికింది, అట్టకున్న రెండు తుప్పు కమ్ములు దొరికాయి. మధ్యలో ఉండాల్సింది తడిసిన అటుకుల ముద్దలా చేతికి అంటుకుంది. అందులో ఒక్క అక్షరం కనిపించలేదు. అయ్యగారు దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి, మళ్ళీ పూడ్చి, మళ్ళీ ప్రార్థన చేశారు. ఈసారి పాట పాడలేదు.

దారిలో విజయభాస్కర్ గారు లెక్క చూసుకున్నారు. నూరేళ్ళుగా పలికిన పేర్లను తాను ఒక్కడే, ఒకసారి గొయ్యి తీసి, ఒకసారి గ్లాసు దొర్లించి, రెండుసార్లు చంపాడు. ఆ మాట ఆయన పైకే అన్నారు. "రెండుసార్లు చంపినాను అయ్యగారూ."

"నీళ్ళు పడినాయి, దానికి మీరేం చేస్తారు సార్," అన్నారు అయ్యగారు. ఆ ఓదార్పు ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

ఇంటికి వచ్చేసరికి నవోమి లేదు. ఆమె ఆ ఊరికి ముప్పై ఏళ్ళు నర్సమ్మ. పురుళ్ళు పోసిన చేతులే చాలామందికి చివరి స్నానాలూ చేయించాయి. ఎవరికీ చెప్పకుండా ఒక పొడుగు నోటుబుక్కు, పెన్ను పట్టుకుని, గొడుగేసుకుని, ఇంటింటికీ వెళ్తోంది. ప్రతి ఇంట్లో కూర్చుని, "మీలో పోయినవాళ్ళను చెప్పండి," అంటోంది. వాళ్ళు చెప్తున్నారు. ఒకళ్ళు చెప్తుంటే పక్కనున్నవాళ్ళు దిద్దుతున్నారు. కాఫీలు వస్తున్నాయి. రెండు ఇళ్ళ మధ్య పదిహేనేళ్ళ నాటి గొడవ ఒకటి, ఒకే తాత ఇద్దరికీ తాతని తేలి, ఆ పూటకు సర్దుకుంది.

"అదంతా నోటిమాట. తేదీలుండవు, ఏ లెక్కకూ రాదు," అన్నారు విజయభాస్కర్ గారు సాయంత్రం.

"మీ పెట్టె లేస్తే దాన్నే చదువుకోండి," అంది నవోమి, కాళ్ళు కడుక్కుంటూ.

శుక్రవారం పొద్దున పెంచలకృష్ణ పెట్టెను చూడడానికి వచ్చాడు. అయ్యగారు వచ్చారు. తన బియ్యం ఎలా పనిచేసిందో చూడడానికి కామాక్షమ్మ వచ్చింది. నవోమి గుమ్మంలో నిలబడింది. టిన్ను మూత తీశారు.

కిటికీ చువ్వ మీద మొదలై, గోడ దిగి, టిన్ను అంచు ఎక్కి, బియ్యం మీదుగా చీమల బారు ఒకటి సాగుతోంది. రాజుగారి పెళ్ళికి వెళ్తున్నట్టు వరస తప్పకుండా వెళ్తున్నాయి. బియ్యం తొలగిస్తే కీబోర్డు మీద మీటలు కనబడలేదు. ఎర్రగా కదులుతోంది.

పెంచలకృష్ణ కామాక్షమ్మ వంక చూశాడు. "బియ్యంలో ఉన్నట్టుండాయి అమ్మా."

కామాక్షమ్మ ముఖం ఎర్రబడింది. "మా బియ్యంలో చీమలా? వేపాకేసి కట్టిన బియ్యమవి. మా నాయన కాలం నుంచి మా బియ్యంలో పురుగుందని ఒకళ్ళు అన్లేదు." టిన్ను వైపు చెయ్యి చాచింది. "మంచికి పోతే ఇదీ ఫలితం. ఇయ్యండి సార్, నా బియ్యం నేను తీసకపోతా."

అయ్యగారు నేల చూశారు. కామాక్షమ్మ చీరకొంగు భుజం చుట్టూ లాక్కుంది. ఆమె వెళ్ళిపోతే, విజయభాస్కర్ గారి అబద్ధానికి నింద ఆమె బియ్యం మీద పడుతుంది. పడాల్సింది అక్కడ కాదని ఆయనకు తెలుసు. పెంచలకృష్ణ ఒక మీట పీకి, చీమలు ఊది, వాసన చూశాడు.

"నీళ్ళకి చీమలు రావు సార్," అన్నాడు మెల్లగా.

పిల్లలు తప్పు లెక్కతో బల్ల ముందు నిలబడితే ఎలా ఉంటుందో విజయభాస్కర్ గారికి ముప్పై నాలుగేళ్ళ తరవాత తెలిసింది. "ద్రాక్షరసం," అన్నారు.

 అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఆదివారానిదా సార్?"

"ఆదివారానిదే."

"ఎంత?"

"అర గ్లాసు."

"గ్లాసు," అంది గుమ్మంలో నుంచి నవోమి.

"ప్రార్థన చేయకముందే కదా. అప్పటికది ఉత్త రసమే," అన్నారు అయ్యగారు, తనకు తానే నచ్చజెప్పుకుంటున్నట్టు. తరవాత అడిగారు. "బాగుందా?"

"చక్కెర కాస్త ఎక్కువైంది," అన్నారు విజయభాస్కర్ గారు. ఆయన లెక్కల మాస్టారు. అడిగితే ఉన్నది చెప్తారు.

నవోమి ఆయన్ని ఒక చూపు చూసింది. కామాక్షమ్మ మాత్రం ఊపిరి పీల్చుకుంది. "నేను చెప్పలా, మా బియ్యం అట్టాంటివి కావని," అంటూ తిరిగి కూర్చుంది. నిజం చెప్పినందుకు విజయభాస్కర్ గారికి ఆ ఉదయం దొరికిన క్షమాపణ అదొక్కటే.

పెంచలకృష్ణ తల పట్టుకున్నాడు. "ఆ పొద్దే చెప్పుంటే ఆ పొద్దే కడిగుందును కదా సార్. రెండ్రోజులు లోపల పాకం పట్టించినాం. ఇది ఉప్పుకన్నా అన్యాయం."

"కడగడమంటే?"

"కడగడమంటే కడగడమే."

అతను బోర్డు బయటికి తీశాడు. ఊరి వీధుల పటంలా గీతలున్న ఆకుపచ్చ ముక్క. మూలమూలలా ఊదారంగు జిగురు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్ వాటర్ సీసా సంచిలో నుంచి తీసి, ఒక కొత్త పళ్ళ బ్రష్షు అడిగాడు. బోర్డు మీద నీళ్ళు ధారగా పోసి, రుద్దడం మొదలుపెట్టాడు. నాలుగు వందల పన్నెండు మంది మీద నీళ్ళు పోస్తుంటే విజయభాస్కర్ గారు చూడలేక పెరట్లోకి వెళ్ళారు. తడిసి పోయిందనుకున్నదాన్ని మళ్ళీ నీళ్ళు పోసి బతికించడమేమిటో ఆయనకు ఏ లెక్కలోనూ అందలేదు. తిరిగి వచ్చేసరికి నవోమి తన పాత నర్సు పెట్టెలో నుంచి స్పిరిట్ సీసా ఇచ్చింది. దాంతో ఇంకోసారి తుడిచారు. ఇల్లంతా సూది వేసే గది వాసన వచ్చింది.

"ఎండలో వద్దు, సముద్రం గాలి అసలే వద్దు. లోపలి గదిలో ఫ్యాను కింద, ఆదివారం మధ్యాన్నం దాకా. ఎవరూ స్విచ్చి ముట్టుకోబాకండి. ముఖ్యంగా సార్," అన్నాడు పెంచలకృష్ణ.

ఆదివారం పొద్దున ఆరాధన జరిగింది, ప్రభు భోజనమూ జరిగింది. రసం మళ్ళీ కాచినది. ఈసారి చక్కెర తక్కువ. కార్యదర్శికి అందరితోపాటు ఒక చిన్న గిన్నెడు అందింది.

ఒంటిగంటకు పెంచలకృష్ణ అన్నీ బిగించాడు. స్విచ్చి నొక్కాడు. ఏమీ కాలేదు. చార్జరు పెట్టి నొక్కాడు. ఏమీ కాలేదు. "పడవ ఇంజను కూడా తాడు లాగిన మొదటిసారికే లేవదు సార్," అన్నాడు. మూడోసారి నొక్కి, నొక్కి పట్టుకున్నాడు. లోపల చిన్న ఫ్యాను దగ్గింది. తెర తెల్లగా వెలిగింది.

విజయభాస్కర్ గారు జాబితా తెరిచారు. మొదటి పేరు ఉంది. కిందికి, ఇంకా కిందికి దొర్లించారు. నాలుగు వందల పన్నెండో పేరూ ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది, ఏడ్చారు. పెంచలకృష్ణ సామాను సర్దుకుంటూ అటు తిరిగాడు.

వెంటనే బీరువా తెరిచి, పెన్‌డ్రైవ్ అట్ట చింపారు. జాబితాను అందులోకి ఎక్కించాకే మంచినీళ్ళు తాగారు. అవి కూడా ఇంకో గదిలో నిలబడి తాగారు.

ఆ తరవాత, ఆయన స్వభావం ఊరుకోనివ్వక, నవోమి నోటుబుక్కు తీసి జాబితాతో సరిపోల్చడం మొదలుపెట్టారు. నోటుబుక్కులో మూడు వందల డెబ్బై ఒక్క పేర్లున్నాయి. జాబితాలో ఉన్నవాళ్ళలో యాభై ఇద్దరిని ఊళ్ళో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. వాళ్ళు ఈ పెట్టెలో మాత్రమే ఉన్నారు. ఇందుకే నోటిమాటను నమ్మకూడదని ఆయన అనుకున్నారు. కానీ కూడితే లెక్క సరిపోలేదు. నోటుబుక్కులో పదకొండు పేర్లు అదనంగా ఉన్నాయి. రిజిస్టరులో ఎన్నడూ లేని పేర్లు.

ఎర్రసిరా పెన్ను తీసుకుని వాటిని ఒక్కొక్కటే వెతికారు.

"ముత్యాలయ్య. సముద్రంలో మనిషి దొరకలేదు. చొక్కా పూడ్చారు." అవును, మనిషి లేకుండా సమాధి రాయరు.

"పేరు తెలియదు. నీలం చీర. అలలకు కొట్టుకొచ్చింది." అవును. ఆమెది ఏ మతమో ఎవరికి తెలుసు. స్నానం చేయించింది నవోమే.

తరవాతివన్నీ పసివాళ్ళవి. బాప్తిస్మానికి ముందే పోయినవాళ్ళు, కంచె పక్కన మొగలి పొదల కింద ఉన్నవాళ్ళు. ఒక ఇంటి కవలలు. కామాక్షమ్మ చిన్న చెల్లెలి బిడ్డ, వాళ్ళది వేరే మతం, అయినా చోటు ఇచ్చింది ఇక్కడే. చివరిది మిగతావాటికన్నా చిన్న అక్షరాల్లో ఉంది.

"అబిగయీలు. తండ్రి విజయభాస్కర్. వయసు ఒక పూట."

ఎర్రసిరా పెన్ను బల్ల మీద పెట్టేశారు.

ముప్పై ఆరేళ్ళ కిందట. ఇలాంటి వానలే. షారన్ కంటే ముందు. తెల్లవారుజామున పుట్టింది, మధ్యాహ్నానికి లేదు. బాప్తిస్మం ఇవ్వడానికి అయ్యగారు ఏరు దాటి వచ్చేసరికి రెండు గంటలు ఆలస్యమైంది. అప్పటి ముసలి అయ్యగారు, "రాసుకోవయ్యా, ఎవరు చూడొచ్చారు," అన్నారు. రిజిస్టరు విజయభాస్కర్ గారి ఒళ్ళోనే ఉంది. ఇరవై ఏడేళ్ళ విజయభాస్కర్, బాప్తిస్మం గడి ఖాళీగా ఉంటుంది కదండీ అన్నారు. ఊరు మెచ్చుకుంది. నవోమి ఏమీ అనలేదు. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు.

వంటింట్లోకి వెళ్ళారు. నవోమి సాయంత్రానికి కొవ్వొత్తులు లెక్కపెట్టి కట్టలు కడుతోంది.

"పేరు పెట్టినావని నాకు చెప్పలేదే," అన్నారు.

ఆమె కట్ట కట్టడం ఆపలేదు. "రిజిస్టరు చూసేవాళ్ళు మీరు. అందులో లేని పేరు మీకెందుకులే అనుకున్నా."

 "తప్పు చేసినా నవోమీ," అన్నారు.

"చేసినారు," అంది ఆమె. తరవాత, "టయిమవతా ఉంది, పొయ్యి టైపు చేసుకోండి," అంది.

కడిగిన తరవాత కూడా మూడు మీటలు అంటుకునే ఉన్నాయి. వాటిని బొటనవేలితో అదిమితే తప్ప పలకవు. విజయభాస్కర్ గారు పదకొండు పేర్లూ ఎక్కించారు. నాలుగు వందల ఇరవై మూడో వరసలో పేరు రాశారు. తండ్రి పేరు గడిలో తన పేరు రాశారు. బాప్తిస్మం తేదీ గడి దగ్గర ఆగి, అక్కడ ఒక గీత పెట్టి, తరవాతి గడికి వెళ్ళారు. పెట్టె ఏమీ అనలేదు.

సాయంత్రం అయిదింటికి ఊరంతా దొడ్డిలో ఉంది. వాన తెరిపిచ్చింది. కామాక్షమ్మ కంచె దగ్గర తన చెల్లెలిని వెంటబెట్టుకుని నిలబడింది. అయ్యగారు గొడుగు కింద లాపుటాప్ పట్టుకుని చదివారు. ఒక్కో పేరుకూ ఒక మూల నుంచి "మా మనిషే" అని వచ్చింది, ఒక దీపం లేచింది. ఎవరూ గుర్తుపెట్టుకోని యాభై రెండు పేర్లకు విజయభాస్కర్ గారు ఒక్కటి కూడా తప్పకుండా "సంఘం మనిషే" అన్నారు. గొంతు బొంగురుపోయింది. నీలం చీర ఆమెకు కూడా ఆయనే పలికారు. చొక్కా పూడ్చిన ముత్యాలయ్యకు మాత్రం పడవల వాళ్ళందరూ ఒక్కసారే పలికారు.

"నాలుగు వందల ఇరవై మూడు," అని అయ్యగారు తెర మీదికి వంగి చూసి, ఒక క్షణం ఆగారు. "అబిగయీలు."

పాతవాళ్ళు కొందరు తలెత్తి చూశారు. ఆ పేరు ఎవరూ ఎరగరు. ఎవరూ ఎరగని పేరు వస్తే ఎవరు పలకాలో అందరికీ తెలుసు కాబట్టి, అందరూ కార్యదర్శి వంక తిరిగారు.

"మా మనిషే," అన్నారు విజయభాస్కర్ గారు.

ఆయన కంచె దగ్గరికి నడిచి వెళ్ళేసరికి, మొగలి పొదల కింద నవోమి అప్పటికే కొవ్వొత్తి వెలిగించి ఉంది. ఆ చోటును ఆమె వెతుక్కోలేదు. ఇసక అక్కడ ఏటేటా కొవ్వొత్తి కాలిన మచ్చతో నల్లగా ఉంది.